బండి వీపు మీది గుర్తు

పోయిన వారం కథలో సుమతిని జమ్మలమడుగు బస్టాండులో వదిలిపెట్టాం. చేతిలో టీ గ్లాసు, చంకలో లైసెన్సు కాగితాల సంచి, ముఖం నిండా ఎవరికీ చెప్పుకోని నవ్వు. ఆ ఊళ్ళోని ఒక కాన్పుల ఆసుపత్రి మేనేజరు ఆమెకు పని ఇస్తానన్నాడు. పల్లెల నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళను తీసుకురావాలి, పసిబిడ్డతో మళ్ళీ ఇంటి దగ్గర దించి రావాలి. దానికి ఆడమనిషే బండి నడపాలని ఆయన పట్టుదల. ముందే ఫోనులో ఆయన పెట్టిన షరతు ఒక్కటే. సోమవారం పొద్దున బండి తెచ్చి చూపించాలి, ఫొటోలో కనపడిన ఆ పెచ్చులూడిన పైకప్పు మాత్రం అప్పటికి ఉండకూడదు.

కథలో అది నిన్నటి సంగతే. ఇవాళ శుక్రవారం, మనం ప్రొద్దుటూరులో ఉన్నాం. మైదుకూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, సుమతి వాళ్ళ ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో ఏడుగురు కూర్చునే పాత తెల్ల వ్యాను. దాని పైకప్పుకు నల్లటి స్టిక్కరు షీటు అంటించే ముహూర్తం ఈ పొద్దున్నే.

పత్తి మిల్లులు జోరుగా నడిచే రోజులు. జిన్నింగు మిల్లుల నుంచి లేచిన దూది నుసి ఊరంతా తేలుతూ ఉంటుంది. ఎవరికీ తొందర లేనట్టు, ఎక్కడ వాలాలో తేల్చుకోనట్టు, గుమ్మాల్లోకి వచ్చి మళ్ళీ బయటికి పోతుంది. చూడటానికి ముచ్చటే గాని, జిగురు పని చేసేవాళ్ళకు అంతకన్నా శత్రువు లేదు. ఒక్క పీచు షీటు కింద చిక్కినా బియ్యపు గింజంత బుడిపె లేస్తుంది. అందుకని షెడ్డు చుట్టూ తడిపిన చీరలు కట్టారు. ఆ ఆలోచన మెహతాబ్‌ది. నీలం చీర, మామిడిపండు రంగు చీర, వెలిసిపోయిన గులాబీ చీర. ఎండ వాటిలోంచి దిగి లోపల ఎక్కడికక్కడ రంగులు పరిచింది. సుమతి చెయ్యి ఒకసారి నీలంగా, ఒకసారి పసుపుగా కనపడింది. వ్యాను తెల్లటి ఒంటి మీద ఆ రంగులు మెల్లగా ఊగుతూ ఉంటే ఆమెకు అది బండిలా కాక, నిద్రలో ఊపిరి తీస్తున్న జీవంలా అనిపించింది. ఇలాంటివి పైకి అంటే మెహతాబ్ నవ్వుతుందని ఊరుకుంది.

మెహతాబ్ పక్కింటావిడ, కుట్టు మిషను మనిషి, సుమతికి నాలుగేళ్ళుగా ప్రాణస్నేహితురాలు. ఈ బండి ఆ ఇద్దరిదీ. సుమతి తండ్రి చెన్నకేశవ తన నల్లగొర్రెల మందను అమ్మి కొంత పెడితే, మిగిలింది మెహతాబ్ పెట్టింది. ఫోన్లలో మాట్లాడి ఎవరిని ఏ ఊరు ఎప్పుడు చేర్చాలో చూసేది ఆమె, స్టీరింగు పట్టేది సుమతి. ఇవాళ్టి పనికి గురువు మాత్రం మెహతాబ్ మొగుడు అమీర్ బాషా. పదకొండేళ్ళుగా కువైట్‌లో కార్లకు స్టిక్కర్లు అంటించే షాపులో పని. శుక్రవారం ఆయనకు సెలవు. అక్కడ ఇంకా తెల్లవారీ తెల్లవారక ముందే మంచం మీద కూర్చుని, వీడియోలో ఇక్కడి షెడ్డుకు పెత్తనం చేస్తున్నాడు. షెడ్డు దూలానికి ఫోను వేలాడదీసి కట్టారు. ఆయన కంటికి పైకప్పు మొత్తం కనపడాలని ఆ ఏర్పాటు. సుమతికి మాత్రం, ఎవరో పెద్దమనిషి అటక మీద కూర్చుని తిడుతున్నట్టు ఉంది.

కప్పుకు నిన్న పొద్దునే ఉప్పుకాగితం పట్టించారు. లేచిన పొట్టంతా రాలగొట్టి, గుంటలకు లప్పం పూసి, తెల్లగా నున్నగా చేశారు. ఆ ఒంటి మీద దుమ్ము పడకూడదనే సుమతి బండి తియ్యకుండా జమ్మలమడుగుకు బస్సులో పోయింది. వ్యాను ఎత్తు. స్టూలెక్కినా ఆడవాళ్ళిద్దరికీ కప్పు నడిమి దాకా చెయ్యి సరిగా అందదు. చెన్నకేశవది కొలిచి పెట్టినట్టు పొడుగు శరీరం. ఇవాళ తడిగుడ్డ పెట్టి తుడిచేటప్పుడు, నడిమి భాగం తాను చూసుకుంటానని మంచం వేసుకుని ఎక్కాడు. తుడిచి, దిగి, గోడకు చేరగిలబడ్డాడు. అప్పటి నుంచి నోరు విప్పలేదు. ఏమైందని సుమతి అడిగితే నడుం పట్టిందన్నాడు.

ఆయన చేసిన ఇంకో ఉపకారం కూడా చెప్పాలి. షీటు కింది నీళ్ళను తోసెయ్యడానికి ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. ఉత్త పలకతో రుద్దితే నల్లటి మెరుపు మీద గీతలు పడతాయని, అంచుకు మెత్తటి గుడ్డ చుట్టాలని అమీర్ బాషా చెప్పాడు. ఇంట్లో ఉన్న గుడ్డలేవీ ఆయనకు నచ్చలేదు. చెన్నకేశవ లోపలికి పోయి, ముప్పై ఏళ్ళు భుజాన మోసిన కంబళి అంచు జానెడు కోసి తెచ్చి ఇచ్చాడు. కువైట్‌లో దొరకని సరుకని అమీర్ బాషా మురిసిపోయాడు. కంబళి మీద కత్తెర పెట్టిన తండ్రిని చూసి సుమతికి కళ్ళు చెమర్చాయి. నా పని కోసం నాయన ఎంత దిగొచ్చాడో అనుకుంది.

షాంపూ కలిపిన నీళ్ళు చల్లారు. షీటు వెనకాల కాగితం ఒలుస్తూ, చెరోవైపు పట్టుకుని, పెళ్ళిలో తెర పట్టినట్టు గాలిలో చాచి పట్టుకుని నిలబడ్డారు. అమీర్ బాషా దించమనే దాకా ఊపిరి కూడా తియ్యలేదు. నల్లటి షీటు తెల్లటి కప్పు మీదికి దిగి, నీళ్ళ మీద ఒక్క క్షణం జారి, కుదురుకుంది. అప్పుడు అందులోకి షెడ్డు వచ్చింది. రేకుల సందులోని ఆకాశం ముక్క, చీరల రంగులు, దారి తప్పి లోపలికొచ్చిన రెండు దూది పీచులు, అన్నీ ఆ నల్లటి లోతులో తలకిందులుగా తేలాయి. నిండిన బావిలోకి తొంగి చూసినట్టుంది సుమతికి. ఆ లోతులో తన ముఖం చూసుకుంది. సోమవారం నుంచి ఈ ముఖమే పల్లెల గుమ్మాల ముందు ఆగుతుంది. లోపల ఒక ఆడమనిషి నొప్పులు ఓర్చుకుంటూ చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. బండొచ్చిందే అని ఎవరో కేక వేస్తారు.

ఆ కేక ఒకప్పుడు ఆమెకు అందలేదు. పులివెందులలో, అత్తగారింట్లో, ఏడో నెల నిండిన రోజుల్లో. ఆమెకు నొప్పులు మొదలైనప్పుడు వాకిట్లోనే జీపు ఉంది. దాని తాళంచెవి మాత్రం మొగుడు హరికృష్ణ జేబులో ఉంది, హరికృష్ణ చక్రాయపేటలో ఎవరి పెళ్ళిలోనో ఉన్నాడు. తాళం ఇంట్లో పెట్టిపోతే ఆడవాళ్ళు బండిని ముట్టుకుంటారని ఆయన భయం. సాయంత్రం ఆయన వచ్చేటప్పటికి బిడ్డ లేదు. ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. తాళాలు దగ్గర పెట్టుకునే మనిషి, అంతే. ఆ అంతే అన్నది ఎంతో సుమతికి తెలుసు. నాలుగేళ్ళ కిందట పుట్టింటికి వచ్చేసి, మొదట నేర్చుకున్నది స్టీరింగు పట్టడం.

పని సగం దాటింది. కంబళి అంచు షీటు మీద మెత్తగా సర్రుమంటూ పోతుంటే, నీళ్ళు అంచుల్లోంచి కారి నేల మీద పడుతున్నాయి. ఇక హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపిస్తే షీటు బిగిసి కప్పును కరుచుకుంటుంది. ముందు అంచు, వెనక అంచు అయ్యాయి. నడిమికి వచ్చేటప్పటికి మెహతాబ్ ఆపేసింది. అక్కడ బాగానే అంటుకుందని, ఎక్కువ వేడైతే సాగుతుందని అంది. పదకొండేళ్ళుగా తాను చేస్తున్నది ఇదే పనని పై నుంచి అమీర్ బాషా విసుక్కున్నాడు. సుమతి మంచం మీదికెక్కి, డ్రయ్యర్ తీసుకుని తానే చాచి పట్టింది.

వేడికి షీటు మెత్తబడి కిందికి కూర్చుంటూ ఉంటే, నల్లటి నునుపులోంచి ఏదో మెల్లగా పైకి వచ్చింది. మొదట ఒక బుడిపె. దూది పీచే చిక్కిందని సుమతి ఉసూరుమంది. తర్వాత ఇంకోటి. వాటి పక్కన వేలెడు లావు గీత ఒకటి, వంకర తిరుగుతూ.

"అది దూది కాదక్కా," అన్నాడు ఫోన్లోంచి అమీర్ బాషా. "దూదైతే గుండ్రంగా లేస్తాది. ఇది ఎవురో గీసినట్టుండాది."

దగ్గరగా నిలబడిన కంటికి ఆ ఆకారం అందలేదు. సుమతి డ్రయ్యర్ ఆపి, కప్పు మీదికి ఒరిగి, కళ్ళు మూసుకుని వేలితో తడిమింది. గీత మొదలు సన్నగా ఉంది, నడుమ లావెక్కింది, చివర కొక్కెంలా పైకి తిరిగింది. దాని కింద రెండు చుక్కలు. రెండోసారి తడమక్కరలేకపోయింది. పాదాల కింద మంచం నులక కదిలినట్టయి, కప్పు అంచు పట్టుకుంది.

తేలుకొండి గుర్తు. అది హరికృష్ణ వాళ్ళ మంద గుర్తు. జీవాలను మేపేవాళ్ళలో ఇంటికొక గుర్తు ఉంటుంది. నల్లగొర్రె వీపు మీద తెల్లరంగుతో వేస్తారు. జీవం ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మాటైపోతే, ఇంకా దొడ్లోంచి కదలకముందే, కొన్నవాళ్ళ గుర్తు దాని వీపు మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత అది మేసేది మన గడ్డే అయినా, మనది కాదు. గుర్తు పడ్డాక మాట తప్పిన ఇంటికి తర్వాత ఏ ఊరివాళ్ళూ మందను దగ్గరికి రానివ్వరు. పులివెందుల కొండల కింద, అత్త గీస్తుంటే పక్కన నిలబడి ఈ తేలుకొండిని సుమతి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తెల్లటి బండి మీద తెల్లరంగు గనుక కంటికి కనపడలేదు. నల్లటి షీటు దాన్ని పైకి తెచ్చింది.

షీటు ఇప్పుడు లేపితే సాగి పాడైపోతుందని, ఇంకోటి బెంగుళూరు నుంచి రావాలంటే వారం పడుతుందని, ఏదైనా గానీ దాన్ని అలాగే ఉండనివ్వమని అమీర్ బాషా చెబుతూనే ఉన్నాడు. మెహతాబ్ స్టూలెక్కి, దూలానికి కట్టిన ఫోను విప్పి, కట్ చేసి, నీళ్ళ డ్రమ్ము మీద బోర్లించింది. తడి చీరలు గాలికి ఉబ్బి మళ్ళీ సర్దుకున్నాయి.

సుమతి మంచం దిగింది. గోడకు చేరగిలబడిన తండ్రి ఎదురుగా పోయి కూర్చుంది. కోపం వస్తుందనుకుంది గాని రాలేదు. చిన్నప్పుడు మంద వెనకాల నడిచి నడిచి, సాయంత్రానికి ఎక్కడున్నామో తెలియని ఒక మత్తు కమ్మేది. అలాంటిదే ఇప్పుడూ కమ్మింది. మాటలు ఎక్కడో దూరం నుంచి వచ్చాయి.

"ఎప్పుడేసినావు నాయనా?"

నిన్న మధ్యాహ్నం వేశానన్నాడు ఆయన. దాచలేదు. దాచడం ఆయనకు చేతకాదు. పది రోజుల కిందట, సుమతి కిరాయికి పోయినప్పుడు, హరికృష్ణ వచ్చాడట. కాళ్ళు పట్టుకున్నాడట. మారిపోయాడట. అరటితోటల పని తగ్గింది, బండి ఉంటే తానే నడుపుకుని సంసారం చూసుకుంటానన్నాడట. ఆదివారం కూతుర్ని, బండిని కలిపి పంపిస్తానని చెన్నకేశవ మాట ఇచ్చేశాడు.

"మాటిచ్చినాక గుర్తెయ్యకుంటే అది మాట కాదు పాపా," అన్నాడు. "గుర్తు నీ కండ్లబడితే నువ్వు పోవు. నల్లషీటు కింద ఉంటే నీకూ నొప్పి ఉండదు, నా మాటా నిలబడతాదనుకుంటి. వీపు మిందనే గదా ఎయ్యాల్సింది. బండికి వీపంటే అదే గదా."

ఆ అమాయకత్వానికి సుమతి నవ్వేది, ఇంకో రోజైతే. ముప్పై ఏళ్ళు నల్లటి వీపుల మీద తెల్లగా గీసిన చెయ్యి అది. తెల్లటి వీపు మీద గీస్తే ఎవరికీ కనపడదని, నల్లగా కప్పేస్తే ఇక అడిగేవాళ్ళే ఉండరని అనుకుంది. వేడికి షీటు కరుచుకుంటుందని ఆ చేతికి ఎవరు చెబుతారు.

"ఆ బండి నేనుగదా నడపాల్సింది?"

ఆయన నేల చూశాడు. "ఆయప్ప నడుపుతాడు. నువ్వు ఇంట్లో ఉంటావు. నేనెన్నాళ్ళుంటా పాపా. నేను పోయినాక నువ్వు ఒంటిగా ఆ రోడ్ల మింద తిరగతాండావని తల్సుకుంటే నాకు కూడు దిగదు."

ప్రేమతోనే అన్నాడు. అదే సుమతికి ఎక్కువ బాధైంది. కసితో చేసిన పనైతే తిరగబడొచ్చు. తనకోసం మందను అమ్మిన మనిషి, కంబళి కోసిన మనిషి, తనను మళ్ళీ ఆ తాళంచెవి దగ్గరికే తోలుతున్నాడు. కాదంటే, ఈ వయసులో ఆయన తమవాళ్ళ ముందు మాట తప్పినవాడవుతాడు. అవునంటే, సోమవారం జమ్మలమడుగులో ఆ ఆసుపత్రి గేటు ముందు ఏ బండీ ఆగదు. ఆ మాటను ఆయన నోటితో వెనక్కి తీసుకోలేడు. గుర్తే దాన్ని వదలాలి. అలా ఎప్పుడైనా జరిగిందా అని సుమతి తన చిన్నతనమంతా వెతుక్కుంది. దొడ్డి గుర్తొచ్చింది. తెల్లరంగు డబ్బా, గొర్రెల అరుపులు, తన రెండు అరచేతుల మధ్య వెచ్చగా ఒక తల.

ఆమె తలెత్తింది.

"తల ఎవురు పట్టుకున్యారు నాయనా?"

చెన్నకేశవ అర్థం కానట్టు చూశాడు.

"గుర్తేసేటప్పుడు జీవాన్ని సాకినోళ్ళు తల పట్టుకోవాల. ఇచ్చేది వాళ్ళకిష్టమేనని దానికి తెలియాలని. పట్టుకోకుండా ఏసిన గుర్తు చెల్లదని నువ్వే గదా చెప్పినావు. ఖాజీపేట మామ మంద విషయంలో ఆ మాట మిందనే గదా నువ్వు పంచాయితీ తెంపినావు. నిన్న నేను ఈడ లేను. జమ్మలమడుగులో ఉన్యా. నేను తల పట్టుకోల్యా."

చెప్పేశాక ఒళ్ళంతా తేలికైంది. నిజమే, అది వాళ్ళ కట్టుబాటే. ఎవరు అడిగినా చెన్నకేశవ తలెత్తుకుని చెప్పొచ్చు, కూతురు తల పట్టలేదు, గుర్తు నిలవలేదు అని. మాట తప్పినట్టు కాదు. షీటు కింద ఆ తేలుకొండి ఉంటే ఉండనీ, ఎవరికి కావాలి. సుమతి లేచి వ్యాను వైపు చూసింది. నల్లటి కప్పు అంచు వంపులో ఆకాశం ముక్క ఇంకా ఉంది. దూది పీచు ఒకటి దాని మీద వాలి, నిలకడ లేక మళ్ళీ లేచింది. ఈ బండిలో సోమవారం పొద్దున పెన్న పక్కనుంచి పోతున్నట్టు, పక్క కిటికీలోంచి చల్లగాలి ముఖానికి కొడుతున్నట్టు అనిపించింది.

తండ్రి ముఖం తేలికపడుతుందని తిరిగి చూసింది. పడలేదు. ఆయన కళ్ళు కూతురి మీద లేవు.

"పట్టుకున్యారు పాపా," అన్నాడు మెల్లగా. "ఈ బండిని సాకింది నువ్వొక్కదానివే కాదు గదా."

సుమతికి ఆ మాట లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. ఈ బండికి ఇద్దరు మనుషులు. ఒకరు నిన్న జమ్మలమడుగులో ఉన్నారు. వేడి నడిమికి పోకుండా చూసింది, ఫోను బోర్లించింది, అప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడనిది ఎవరో ఆమె తల తిప్పకుండానే తెలుసుకుంది. తిప్పడానికి ధైర్యం చాల్లేదు.

గులాబీ చీర వెలుగులో మెహతాబ్ వ్యాను ముందు నిలబడి ఉంది. కంబళి చుట్టిన పలక ఇంకా చేతిలోనే ఉంది. రెండో అరచెయ్యి బండి ముందుభాగం మీద, గొర్రె నుదురు మీద పెట్టినట్టు, ఆనించి ఉంది.

"మీ నాయన శానాసేపు వెనకాడినాడు సుమతీ," అంది. "బ్రష్షు చేతికిచ్చింది నేను."